ఫోన్లో ఉండే డాక్టరు

రోగం తగ్గించేది మందా, మాటా అన్న సందేహం డాక్టర్ నాగరాజన్‌ను చాలా ఏళ్ళుగా వదలలేదు. మదురైలో వైద్యం చదివే రోజుల్లో అది మొదలైంది. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు మనుషులు, ఒకే జబ్బు, ఒకే మందు. ఒకడు లేచి ఇంటికి పోయాడు, ఇంకొకడు లేవలేదు. లేచినవాడి మంచం దగ్గర పెద్ద డాక్టరు కాసేపు నిలబడి వాడి ఊరి సంగతులు అడిగాడు. రెండోవాడి దగ్గర కాగితం మాత్రం చూసి ముందుకు కదిలాడు. తేడా అదేనా, కాదా అని చెప్పే పుస్తకం ఏదీ నాగరాజన్‌కు దొరకలేదు. అరవై దాటిన ఇప్పుడు కూడా పొద్దున్నే స్నానం చేసి, అద్దం ముందు నామం దిద్దుకుంటూ పెరుమాళ్ళను అదే అడుగుతాడు. పెరుమాళ్ళు జవాబు చెప్పడు. ఈయన కూడా పట్టుబట్టడు. శ్రీచూర్ణం గిన్నెకు మూత పెట్టి క్లినిక్కుకు బయలుదేరతాడు.

ఆ రోజు పెరుమాళ్ళకు ప్రీతి అయిన తమిళ పెరటాసి నెలలో శనివారం. సాయంత్రం పెరుమాళ్ళ పటం ముందు అరిటాకు పరిచి, పులిహోర, చక్కెర పొంగలి, వడలు రాసిగా పోసి నైవేద్యంగా తళిగ వేసేదాకా ఆయన మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టడు. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఈయన చేస్తున్నాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అడగవలసినవి వేరే చాలా ఉన్నాయి.

"మధ్యాహ్నానికి వచ్చేయండి. పోయిన వారం మాదిరి పొద్దు పోయేదాకా వాళ్ళతో పోరాడకండి," అంది భార్య సుందరవల్లి, వంటింట్లో చింతపండు నానబెడుతూ.

"నేనెక్కడ పోరాడతానే? వాళ్ళే ఫోన్లు పట్టుకుని వస్తారు యుద్ధానికి."

కోయంబత్తూరు దగ్గరి సూలూరులో, బజారు వెనకవీధిలో రెండు గదుల క్లినిక్కు అది. ముందు గదిలో కూర్చునీ కూర్చునీ నునుపు తేలిన చెక్క బెంచీలు. లోపలి గదిలో ఆయన బల్ల, పరీక్ష చేసే మంచం, గోడకు పళని మురుగన్ క్యాలెండరు. వెనక ఇంట్లో మరమగ్గాలు పగలంతా దడదడలాడుతూనే ఉంటాయి. ఆ చప్పుడుకు ఆయన చెవి అలవాటు పడింది. విమానాలకు మాత్రం పడలేదు. ఎయిర్‌ఫోర్సు స్టేషను నుంచి విమానం లేచినప్పుడల్లా రోగి ఛాతీ మీద ఉన్న స్టెతస్కోపును పైకెత్తి, అది దూరమయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పొట్టి మనిషి. మెడ సన్నం. తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, వాటి వల్ల జేబు అడుగున ఆరని నీలం మరక. రోగి చెయ్యి పట్టుకున్నప్పుడు నాడి చూడటం అయిపోయినా ఇంకాసేపు వదలడు. పాతవాళ్ళు అది చూసే ఆయన దగ్గరికి వచ్చేవారు.

కొత్తవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు.

మొదట వచ్చిన కుర్రవాడు మిల్లులో సూపర్‌వైజరు. రక్తపరీక్ష రిపోర్టు కాగితం కాకుండా ఫోను చాపాడు. ఆ వైపు అందరిలాగే మర్యాదకు మాట చివర 'ఉంగ' అంటాడు.

"దీన్ని ఏఐలో పెట్టినానుంగ డాక్టర్. మూడు జబ్బులు ఉండొచ్చు అని చెప్పింది. మీరు చూస్తే రక్తం తక్కువ అని ఒకటే చెప్తారు."

"ఒకటే ఉండేదానికి సంతోషపడు తంబీ."

"లేదుంగ, మిగతా రెండూ లేవని ఎట్ల చెప్తారు?"

నాగరాజన్ అతని కనురెప్ప కిందికి లాగి చూశాడు. గోళ్ళు చూశాడు. ఏం తింటున్నావని అడిగాడు. కుర్రవాడు జవాబులు ఆయనకు కాకుండా ఫోనుకు చెబుతున్నట్టు దాన్నే చూస్తూ చెప్పాడు. ఇనుము మాత్రలు రాసిస్తే, ఆ కాగితాన్ని అక్కడే ఫోటో తీసి, సరిగ్గా ఉందా అని ఫోనునే అడిగాడు. ఫోను సరే అంది కాబోలు, లేచి పోయాడు.

తలుపు దగ్గర నిలబడ్డ పళనియమ్మాళ్ ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె ఆ క్లినిక్కులో నర్సు, చీటీలిచ్చే మనిషి, ఊడ్చే మనిషి కూడా. ఇంటి భాష తమిళమే అయినా డాక్టరు దగ్గర ఇన్నేళ్ళు పనిచేసి తెలుగు పట్టేసింది.

"మనకు గూగుల్‌లో మళ్ళా ఒక్క స్టారు ఇచ్చినారుంగ," అంది.

"ఎవరు?"

"పేరు లేదు. పువ్వు బొమ్మ పెట్టుకుని ఉండారు. గ్లూకోజు ఎక్కించమంటే ఎక్కించలేదంట. 'ఓల్డ్ డాక్టర్. ఓన్లీ టాకింగ్' అని రాసినారు."

నాగరాజన్ నవ్వబోయి ఆగాడు. జ్వరం తగ్గిపోయిన మనిషికి చేతిలో సూది గుచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించనందుకు ఒక్క స్టారు. ఎక్కించి ఉంటే ఐదు. ఆ లెక్క ఆయనకు అర్థమయ్యేది కాదు, మింగుడుపడేది అంతకన్నా కాదు.

"తరవాతివాళ్ళను పంపించు," అన్నాడు.

తరవాత వచ్చింది చారులత. రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చోకుండా బల్ల పక్కన నిలబడింది. సూలూరు దాటి కొంచెం దూరంలో ఉన్న ఊరు వాళ్ళది. ఇంటి పక్కనే మరమగ్గాల షెడ్డు ఉంది. ఆమె మామగారి తల్లి కృష్ణమ్మాళ్, అంటే భర్త గోకులకృష్ణన్‌కు నాయనమ్మ, నాగరాజన్‌కు మొదటి నుంచీ ఉన్న రోగుల్లో ఒకతె. బి.పి. ఉంది, మాత్రల మీద చక్కగా నడుస్తోంది.

చారులత ఫోనులో ఒక ఫోటో చూపించింది. ఇంట్లో పెట్టుకునే బి.పి. మిషను, దాని మీద ఎర్రగా మెరుస్తున్న అంకెలు.

"ఎవరిది ఇది?"

"అవ్వది మామా. తల తిరుగుతుంది అంటే నిన్న చూసినాను."

పై అంకె నూట తొంభై దాటి ఉంది. నాగరాజన్ కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూశాడు. "మాత్తిర వేసుకుంటుందా?"

"లేదు మామా. డబ్బాలో చూస్తే అట్లనే ఉండాయి. చాలా దినాలుగా వేసుకోలేదు. మేము కూడా చూసుకోలేదు, షెడ్డులో పనిలో ఉంటిమి."

"ఎవరు ఆపమన్నారు? ఏ మహానుభావుడు చెప్పినాడు?"

చారులత కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "మీరే," అంది.

నాగరాజన్ కుర్చీలో వెనక్కి వాలాడు. అడగనక్కరలేదు. ఏం జరిగిందో ఆయనకు తెలుసు.

ఆ ప్రాంతపు తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. బళ్ళో తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప లోపలిది, నోటిది. నాగరాజన్ కూడా అంతే. తన భాషలో తన పేరు రాయమంటే ఆయన చెయ్యి కదలదు. అందుకే ముసలి రోగులకు ఏదైనా చెప్పాలంటే వాట్సాప్‌లో రాయకుండా వాయిస్ పంపేవాడు. తమిళంలో రాసిన వైద్యం సలహా రోజుకు పది వచ్చినా ఎవరూ పట్టించుకోరు. ఇంటి తెలుగులో ఒక గొంతు వినిపిస్తే మాత్రం అది మనవాళ్ళ మాట అనీ, మోసం చేసేవాళ్ళకు ఈ భాష రాదనీ వాళ్ళకు గట్టి నమ్మకం.

కొన్నేళ్ళ కింద మరమగ్గాల యజమాని అప్పసామికి వాంతులు, బేదులు పట్టుకున్నాయి. నాగరాజన్ మధ్యాహ్నం భోంచేస్తూ అతనికి రెండు వాయిస్‌లు పంపాడు. మొదటిదానిలో, ఇది మీ వాంతులకు మాత్రమే, రెండు దినాలకు మాత్రమే, తగ్గినాక మాత్రలన్నీ మళ్ళీ మొదలుపెట్టాలి అని చెప్పాడు. రెండోదానిలో ఏం ఆపాలో, ఏం తాగాలో చెప్పాడు. అప్పసామి కోలుకున్నాడు. కోలుకున్న సంతోషంలో రెండోది ఒక్కటే తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. 'మనవాళ్ళు' అని ఆ గ్రూపు పేరు. ఆ తెలుగు మాట కూడా తమిళ అక్షరాల్లోనే రాసి ఉంటుంది. అక్కడి నుంచి ఆ వాయిస్ తిరుపూరుకు పోయింది, మదురైకి పోయింది, కొన్నాళ్ళు కనపడకుండా పోయి మళ్ళీ సూలూరుకే వచ్చింది.

తీసేయమని అడిగితే అప్పసామి నొచ్చుకున్నాడు. "నా వల్లనే కదా మీ పేరు దుబాయి దాకా పోయింది డాక్టరుంగ. మీరు నాకు స్వీటు ఇయ్యాల." గ్రూపు నడిపే గోకులకృష్ణన్‌ను అడిగితే, "ఎవరో పంపినదాన్ని నేనేం చేయను? మీరే ఇంకొకటి పంపండి," అన్నాడు. నాగరాజన్ పంపాడు. అప్పటికే ఆయనకు ఒళ్ళు మండిపోయి ఉంది. చాలా సేపు మాట్లాడాడు, తిట్టాడు, మధ్యలో దగ్గాడు. దాన్ని చివరిదాకా ఎవరూ వినలేదు. విన్న ఒకరిద్దరు కింద వ్యాఖ్య పెట్టారు: ఇది మన డాక్టరు గొంతు కాదు, మందుల కంపెనీవాళ్ళు ఏఐలో చేసింది, ఎవరూ నమ్మవద్దు.

ఆయన చారులత ఫోను నుంచే కృష్ణమ్మాళ్‌కు కాల్ చేశాడు.

"పెద్దమ్మా, నాగరాజన్‌ను. మాత్తిర ఏంటికి ఆపినారు?"

"నువ్వు చెప్తివి, ఆపితిని."

"నేను చెప్పలేదు! అది మీకు చెప్పింది కాదు. ఇప్పుడే ఒకటి వేసుకోండి, అర్థమైందా?"

"ఏంటికి అరుస్తావు తంబీ? నువ్వు ఇట్ల అరిస్తే నా ప్రెషరు జాస్తి అవుతుంది," అని ఆమె ఫోను పెట్టేసింది.

బయట బెంచీ మీద ఇంకా మనుషులున్నారు. వాళ్ళందరినీ చూసి, మధ్యాహ్నం ఎండలో పాత స్కూటరు బయటికి తీశాడు నాగరాజన్. పళనియమ్మాళ్ బి.పి. మిషను సంచీ అందిస్తూ, "నామం పెట్టుకున్న దినం కోపం పడవద్దుంగ," అంది. ఆయన సంచీని స్కూటరుకు తగిలించుకుని కిక్కు కొట్టాడు. ఉపవాసం కడుపులో కోపం ఎండకన్నా ఎక్కువగా కాలుతోంది.

కృష్ణమ్మాళ్ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడుకు అరుగు రాళ్ళు కూడా సన్నగా అదురుతున్నాయి. ఎముకల గూడు లాంటి మనిషి. ముక్కుకు రెండు పక్కలా ముక్కుపుడకలు, కిందికి సాగిన చెవితమ్మెలు. పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఎక్కడో పెట్టి మరిచిపోతుందని, చారులత కుట్టిచ్చిన గుడ్డసంచీలో ఫోను పెట్టి మెడకు తగిలించుకుంది.

"రా డాక్టరు తంబీ. ఫోన్లో అరిచింది చాలకనా, ఇంటికి వచ్చినావు?"

ఆయన ఆమె చేతికి పట్టీ చుట్టాడు. గాలి కొట్టి, స్టెతస్కోపు పెట్టాడు. అప్పుడే విమానం లేచింది. కళ్ళు మూసుకుని అది పోయేదాకా ఆగాడు. మళ్ళీ చూశాడు. ఇంటి మిషను అబద్ధం చెప్పలేదు.

"ఇంత ఉంటే తలలో నరం తెగిపోతుంది పెద్దమ్మా."

"ఫోన్లో ఉండే డాక్టరు అట్ల చెప్పలేదే."

"ఫోన్లో ఉండేది నేనే!"

"నువ్వే. ఎవరు లేదన్నారు? కానీ అప్పుడు నీ మనసు బాగుండె. మనసు బాగున్నప్పుడు చెప్పిందే నిజమైన మాట."

ఆమె సంచీలోంచి ఫోను తీసింది. ఫోను ఎత్తడం, పెట్టడం కాక ఆమెకు అందులో తెలిసింది ఒక్క గుర్తే. దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కింది. మగ్గాల చప్పుడును మించి నాగరాజన్ గొంతు వినిపించింది.

"ఆ షుగరు మాత్తిర, ప్రెషరు మాత్తిర రెండూ నిలిపేయండి. వేడి గంజిలో ఉప్పేసి తాగండి. మాత్తిర లేకుంటే ఏమీ అయిపోదు. మనసులో భయం పెట్టుకోవద్దు. నేనుండాను కదా." తరవాత గిన్నె చప్పుడు. ఒక కాకి. చివర్లో, కొంచెం దూరం నుంచి సుందరవల్లి గొంతు: "మజ్జిగ పోసేదా?"

నాగరాజన్ ఆ గొంతు విని చాలా కాలమైంది. తొందర లేని గొంతు, ఎదుటి మనిషి మీద అనుమానం లేని గొంతు. ఈ మనిషి చెబితే తను కూడా మాత్రలు ఆపేసేవాడేమో అనిపించింది.

"మీ ఇంట్లో ఆమె మజ్జిగ కావాల్నా అని అడుగుతుంది చూడు," అంది కృష్ణమ్మాళ్. "అది కూడా వింటాను. మధ్యాన్నం నేను బువ్వ తినేటప్పుడు దీన్ని పెట్టుకుంటాను. వీళ్ళంతా షెడ్డులో ఉంటారు. గోకుల్ పిల్లోళ్ళకు మన మాట రాదు, వాళ్ళ తమిళం నాకు సరిపడదు. తినేటప్పుడు ఒక మనిషి మాట వినాల్నా, వద్దా?"

"ఇది అప్పసామికి చెప్పింది పెద్దమ్మా. ఆయనకు బేదులు."

"అప్పసామికి చెప్పిందైతే నా ఫోనుకు ఏంటికి వస్తుంది? నాకు వచ్చిందంటే నాకే."

ఈ తర్కానికి ఆయన దగ్గర వైద్యం లేదు. గొంతు పెరిగింది. చదువుకున్న డాక్టరు ఇంటికి వచ్చి ఎదురుగా నిలబడి చెబుతుంటే వినక, పెట్టెలో గొంతును పట్టుకుని వేలాడతారా అన్నాడు. చచ్చిపోతే నాకేమని వదిలేసి పోతానన్నాడు. కృష్ణమ్మాళ్ ముఖం పక్కకు తిప్పుకుంది. చప్పుడుకు షెడ్డులోంచి గోకులకృష్ణన్ జుట్టు నిండా దూదితో బయటికి వచ్చాడు.

"సోమవారం అవ్వను కోయంబత్తూరు తీసుకుపో గోకుల్. గుండె, రక్తం, కిడ్నీ అన్నీ ఒకసారి చూపించు. అంతదాకా మాత్తిర తప్పకూడదు," అన్నాడు నాగరాజన్.

"ఆపమన్నదీ మీరే, వేసుకోమనేదీ మీరేనా? ఇప్పుడు పెద్ద ఆసుపత్తిరి అంటారు. సరింగ, ఈ ఆర్డరు ముగించి చూస్తాను," అని గోకులకృష్ణన్ ఫోను చూసుకుంటూ లోపలికి పోయాడు.

నాగరాజన్ అరుగు మీద, ముసలామె పక్కనే కూర్చున్నాడు. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు, నాడి కోసం కాదు.

"పెద్దమ్మా, మాత్తిర వేసుకోండి," అన్నాడు మెల్లగా.

కృష్ణమ్మాళ్ ఆయన వైపు తిరిగింది. ముఖాన్ని పరీక్షగా చూసింది. "వేసుకుంటాను. కానీ నువ్వు బువ్వ తినాల. ఉలవల పప్పు చేసినాను."

"ఈ రోజు శనివారం కదా పెద్దమ్మా. తళిగ వేసిందాకా నేను తినకూడదు."

"నీకు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. మా ఆయన పోయిన దినం వచ్చినావు, చావింట్లో నీళ్ళు కూడా తాగకూడదంటివి. నా కాలు విరిగినప్పుడు వచ్చినావు, క్లినిక్కులో జనం ఉండారంటివి. గోకుల్ పుట్టినప్పుడు నడిరేయి దాకా ఉండి, పాలు కూడా తాగక పోతివి. ప్రతిసారీ మళ్ళా వస్తాను, మళ్ళా వస్తాను. ఇన్నేళ్ళుగా నాకు నువ్వు ఒక పూట బాకీ. ఫోన్లో మాత్రం దినమూ నా ముందు కూర్చుని తింటావు."

నాగరాజన్ తలదించుకున్నాడు. "పెరటాసి ముగియనియ్యండి. వచ్చి ఆకు వేసుకుని కూర్చుంటాను. పెరుమాళ్ళ మీద ఆన."

"అరవకుండా?"

"అరవకుండా."

ఆమె మాత్ర నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్ళు తాగింది. మింగానని చూపించడానికి చిన్నపిల్లలా నోరు తెరిచింది. చారులతకు మాత్రల వేళలు చెప్పి ఆయన లేచాడు. పోయే ముందు ఆ వాయిస్ తీసేయడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"దాన్ని తీయొద్దు తంబీ," అంది కృష్ణమ్మాళ్. "మాత్తిర వేసుకుంటిని కదా. అది ఉండనీ."

ఆయన ఫోనును తిరిగి గుడ్డసంచీలో పెట్టాడు.

సాయంత్రం తళిగ వేశారు. గోవిందా అని అన్నప్పుడు ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. ఆకు ముందు కూర్చున్నాక సుందరవల్లి, "మజ్జిగ పోసేదా?" అని అడిగింది. నాగరాజన్ ఉలిక్కిపడి ఆమె ముఖం చూశాడు. వద్దన్నాడు.

సోమవారం ఆర్డరు ముగియలేదు. ఆ వారంలోనే ఒక ఉదయం కాఫీ తీసుకుని పోయిన చారులతకు కృష్ణమ్మాళ్ మూతి ఒక పక్కకు లాగి కనిపించింది. కోయంబత్తూరుకు కారులో తీసుకుపోతుండగా దారిలోనే, ఎవరూ గమనించకముందే, ఊపిరి ఆగిపోయింది.

ఈ సంగతి నాగరాజన్‌కు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. గ్రూపులో గోకులకృష్ణన్ పెట్టిన వాయిస్ పళనియమ్మాళ్ వినిపించింది. అతను ఏడుస్తున్నాడు. తమిళంలో చదువుకుని, తమిళంలోనే వ్యాపారం చేసే ఆ కుర్రవాడు ఆ రోజు ఇంటి తెలుగులో మాట్లాడాడు.

"మా అవ్వ మాత్తిర లేకుండా ఎంత బాగుండె. డాక్టరు ఇంటికి వచ్చి, అరిచి, భయపెట్టి మాత్తిర మింగించినాడు. నాలుగు దినాల్లో పోయింది. ముందు చెప్పిన మాట ఏంటికి మార్చినాడు? ఎవరు డబ్బిచ్చినారు? మీరే అడగండి."

తెలుగులో ఉంది కాబట్టి అది తిరుపూరుకు పోయింది, మదురైకి పోయింది. డాక్టరు ముందు ఏం చెప్పాడో అందరికీ తెలియాలని దాని వెంట నాగరాజన్ పాత వాయిస్ కూడా జతచేసి పంపారు. మాత్తిర లేకుంటే ఏమీ అయిపోదు. ఇప్పుడు దానికి సాక్ష్యంగా ఒక చావు కూడా ఉంది. రెండు ఇళ్ళలో మాత్రలు ఆపేశారని పళనియమ్మాళ్ చెప్పింది.

నాగరాజన్ ఫోను తీసి మాట్లాడబోయాడు. మాత్ర చంపలేదు, ఇన్నాళ్ళు మాత్ర లేకపోవడం చంపింది అని చెప్పాలి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తన గొంతు తనకే కోర్టులో నిలబడ్డవాడి గొంతులా వినిపించింది. చెరిపేశాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ చెరిపేశాడు. ఒక్క వారం ముందుగా పోయి ఉంటే? ఆ రోజే తన స్కూటరు మీద కాకపోయినా ఒక కారు మాట్లాడి కోయంబత్తూరుకు పంపి ఉంటే? దీన్ని ఎవరికి వాయిస్ పెట్టి అడగాలి?

బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పళనియమ్మాళ్ చేయడానికి ఏమీ లేక కిటికీ చువ్వలు తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. ఎవరో మళ్ళీ ఒక్క స్టారే ఇచ్చారు. ఆమె ఆయనకు చెప్పలేదు.

పెరటాసి ముగిసింది. ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. కృష్ణమ్మాళ్ కరుమాది, అంటే పెద్దకర్మ రోజు పొద్దున నాగరాజన్ ఉతికిన పంచె కట్టుకుంటుంటే సుందరవల్లి గుమ్మంలో నిలబడింది.

"పిలవని ఇంటికి పోతారా?"

"పిలిచినారు. పెద్దమ్మే పిలిచింది."

"నలుగురిలో ఏమన్నా అంటారండీ."

"అననీ."

ఆయన పొద్దున కాఫీ కూడా తాగలేదు. ఇది ఉపవాసం కాదు. ఆకలితో పోవాలనుకున్నాడు.

మరమగ్గాల షెడ్డు ముందు పందిరి వేశారు. మగ్గాలు ఆపేశారు. ఆ ఇంటికి ఇన్నేళ్ళుగా వచ్చిపోతున్నా అక్కడ పక్షుల చప్పుడు ఉంటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది. స్కూటరు ఆపి లోపలికి నడుస్తుంటే మాటలు తగ్గాయి. ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేతిలోకి తీసుకున్నారు. పందిరి గుంజ దగ్గర నిలబడ్డ అప్పసామి గబగబా ఎదురొచ్చాడు.

"డాక్టరుంగ, మీరేంటికి ఇప్పుడు? కుర్రోడు కోపంగా ఉండాడు. నా మాట వినండి, మెల్లగా పోయేయండి."

"ఒంట్లో ఎట్లుంది అప్పసామీ?"

"బాగానే ఉండాను."

"మాత్తిర?"

అప్పసామి నేలకేసి చూశాడు. "వేసుకుంటున్నానుంగ. నేను ఎప్పుడూ ఆపలేదు."

నాగరాజన్ అతన్ని దాటి, పంక్తి చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చున్నాడు. పక్కన కూర్చున్న మనిషి కొంచెం జరిగాడు. అది చోటివ్వడానికి కాదు. గోకులకృష్ణన్ అన్నం బకెట్టుతో వడ్డిస్తూ వస్తున్నాడు. గుండు చేయించుకున్న తల చిన్నపిల్లవాడి తలలా ఉంది. డాక్టరు ఆకు ముందు ఆగిపోయాడు.

"ఇది సొంతవాళ్ళ సాపాటు," అన్నాడు.

"తెలుసు తంబీ. మీ అవ్వకు నేను ఒక పూట బాకీ. అది తిని పోతాను. తరవాత నువ్వు ఏం అడిగినా చెప్తాను. తిట్టినా వింటాను."

పందిరి అంతా వింటోంది. గోకులకృష్ణన్ బకెట్టును ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. గరిటె నిండా అన్నం తీసి వేశాడు. సగం ఆకులో, సగం ఆకు అంచున పడింది. అతను ముందుకు పోయాడు.

నాగరాజన్ అంచున పడ్డ మెతుకుల్ని వేళ్ళతో లోపలికి తీసుకున్నాడు. చారులత వచ్చి, కళ్ళెత్తకుండా, ఉలవల పప్పు వేసింది. ఆయన కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఘాటుగా, కొంచెం చేదుగా, మిరియాల కారంతో ఉంది. ఆ ఇంట్లో మొదటిసారిగా, ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు. ఎవరి మీదా గొంతు పెంచలేదు. పక్కవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. ఆయన రసం పోయించుకున్నాడు, తరవాత మజ్జిగ పోయించుకున్నాడు. ఆకులో ఒక్క మెతుకు మిగలకుండా, చావింటి పంక్తిలో ఎవరూ తిననంత తీరిగ్గా తిన్నాడు.

లేచే ముందు ఆకును తనవైపుకు కాక అవతలికి, పోయినవాళ్ళ వైపుకు మడిచాడు. చేతులు కడుక్కోవడానికి ఆయన పంపు దగ్గరికి నడిచిపోయాక, తడి నేల మీద ఖాళీ పంక్తి చివర ఆ ఒక్క ఆకు మిగిలింది.